క్యారమ్ బోర్డు మీద తొమ్మిది ఫోన్లు

మా బడి క్యారమ్ బోర్డు మీద ఎవరైనా క్యారమ్ ఆడగా నేను చాలా ఏళ్లు చూడలేదు. దాని మీద ఫోన్లు ఉండేవి. మధ్యాహ్నం అన్నం గంట కొట్టగానే టీచర్లం ఒక్కొక్కరం వరండాలోకి వచ్చి, ఎవరి ఫోన్ వాళ్లు ఆ బోర్డు మీద పెట్టేసి, క్యారియర్ గిన్నెలు విప్పుకోవడానికి పోయేవాళ్లం. హెడ్మాస్టరు ఫోనుతో కలిపి తొమ్మిది. బోర్డు ముందు కుర్చీ వేసుకుని మా డ్రిల్లు సారు కూర్చునేవారు.

పిల్లల హాజరు ఒక యాప్‌లో, అన్నం తిన్నవాళ్ల లెక్క ఒక యాప్‌లో, కోడిగుడ్లు ఒక దాంట్లో, బాత్రూముల ఫోటోలు మరొక దాంట్లో వేయాలి. ఇవిగాక టీచర్లు చదవాల్సిన ఆన్‌లైన్ కోర్సులు ఉండేవి. ఒక్కొక్క కోర్సుకు వీడియోలు, వీడియో చివర పరీక్ష, పరీక్ష చివర సర్టిఫికెట్. డ్రిల్లు సారు ఆ తొమ్మిది ఫోన్లనూ ఎడమ నుంచి కుడికి వరసగా చేసుకుంటూ వచ్చేవారు. మేము పెరుగన్నంలోకి వచ్చేసరికి బడి పనంతా అయిపోయేది. ఆ యాప్‌లన్నింటికీ అందరి పాస్‌వర్డూ ఒకటే. ఖోఖో అని, దాని పక్కన మా బడి జిల్లా పోటీల్లో గెలిచిన సంవత్సరం. అది ఆయనే పెట్టారు. నా ఫోన్లో అలాంటి పాస్‌వర్డు ఒకటుందని నాకు చాలాకాలం తెలియదు.

ఈ పని కుర్రవాళ్లెవరైనా చేయాలి కదా, రిటైరవడానికి నిండా ఏడాది లేని డ్రిల్లు సారెందుకు అని మీకు అనిపించవచ్చు. ఆయన కురబలకోట వైపు రైతుల ఇంట పుట్టినవారు. పని ఎవరిదని అడగరు, కనబడితే చేసేస్తారు. పైగా మా కుర్ర టీచర్లకు క్లాసుల మీద క్లాసులు. మిట్టమధ్యాహ్నం ఎండలో పిల్లల్ని ఆడించకూడదు కాబట్టి, ముందే తినేసి ఆ వేళకు ఖాళీగా ఉండేది ఆయనొక్కరే. ఆటల స్కోర్లు ఫోన్లో వేస్తూ వేస్తూ ఫోను గుట్టంతా పట్టేశారు.

నా సంగతి కూడా చెప్పాలి. ఉండేది మదనపల్లెలో. పని పుంగనూరు రోడ్డు మీద ఒక పల్లెలో, హైస్కూల్లో సోషల్ టీచరుని. నోరు కాస్త పెద్దది. నా గొంతుకు పక్క క్లాసు పిల్లలు కూడా నోట్సు రాసుకుంటారని మా వాళ్లు ఎకసెక్కాలాడతారు. కోపం వస్తే ఎదుట ఉన్నది హెడ్మాస్టరా గుమ్మమా అని చూసుకోను. అంత నోరున్న నేను ఫోను చేతికొస్తే మాత్రం పిల్లిని. వేలు పెడితే ఏదో పోతుందని భయం. అందుకే అందరికంటే ముందు బోర్డు మీద ఫోను పెట్టేది నేనే.

ఒక శుక్రవారం హెడ్మాస్టరు చేతిలో ఫోను పట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"మేడం, మీరు డివిజన్‌కే ఫస్టు" అన్నారు.

ఎందులో అని అడిగాను. ఆన్‌లైన్ కోర్సుల్లో అట. మా డివిజన్లో అందరికంటే ఎక్కువ కోర్సులు చేసింది నేనట, అందరికంటే ఎక్కువ మార్కులూ నావేనట. కాబట్టి రెండు వారాల తర్వాత కుప్పంలో నలభైమంది టీచర్లకు ఒక రోజంతా నేను శిక్షణ ఇవ్వాలట. తరగతి గదుల్లో పెట్టిన పెద్ద టచ్ ప్యానెల్ ఎలా వాడాలి అనేది విషయం. ఉత్తర్వులో నా పేరు, నా బడి పేరు, అన్నీ ఉన్నాయి.

 మా హిందీ టీచరు పకపకా నవ్వింది. తా దూర కంత లేదు, మెడకో డోలు అని సామెత. ఆ ప్యానెల్ స్విచ్ ఎక్కడుందో కూడా తెలియనిదాన్ని నేను.

నేరుగా వరండాలోకి పోయాను. డ్రిల్లు సారు బోర్డు ముందు కూర్చుని ఐదో ఫోనులో ఉన్నారు.

"ఏం చేసినారు సార్ నా ఫోన్లో?"

"కోర్సులు చేసినానమ్మా. యాల, ఏమైంది?"

"అందరికీ చేసినట్టు చేయక, నాకు ఫస్టు యాల తెచ్చినారు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నీ ఫోను పెద్దది కదమ్మా. అచ్చరాలు బాగా కనపడతాయి. అందరి పనీ అయినంక ఊరికే కూసోలేక నీ దాంట్లో ఒక్కొక్క కోర్సు సదువుకుంటా వచ్చినా. శానా బాగుండాయి. పరీచ్చ పెడితే రాసినా."

"రాస్తే పాస్ మార్కులు తెచ్చుకోవచ్చు కదా."

"పోటీ అంటే గెలవాల గదమ్మా. ఓడిపోయేదానికి ఆడతామా" అన్నారు ఆయన, నేనేదో అన్యాయం మాట్లాడినట్టు.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నా వెనకే వరండాలోకి వచ్చి నిలబడ్డ హెడ్మాస్టరుకు మాత్రం అప్పుడే విషయం తలకెక్కింది. ముఖంలో వెలుగు పోయింది. నాకు చేతకాదని రాసి పంపితే, మరి ఈ సర్టిఫికెట్లు ఎలా వచ్చాయని అడుగుతారు. నిజం చెప్తే చేసిన మనిషి పేరు బయటికొస్తుంది. డ్రిల్లు సారు రిటైర్మెంటు కాగితాలు అప్పుడే ఆఫీసులో కదులుతున్నాయి. ముప్పై ఏళ్లకు పైగా ఒక్క మెమో లేకుండా పని చేసిన మనిషికి చివరి ఏడాదిలో ఆ మచ్చ పడితే, ఆ కాగితాలు ఎన్నాళ్లు ఆగుతాయో ఎవరు చెప్పగలరు.

డ్రిల్లు సారు లేచి నిలబడ్డారు. "నేనే సెప్పేస్తా సార్. చేసింది నేను. ఆయమ్మ తప్పేం లేదు" అన్నారు హెడ్మాస్టరుతో.

నాకు ఒళ్లు మండింది. "మీరు ఊరుకోండి సార్. ఫోను తెచ్చి మీ ముందర పెట్టింది ఎవరు? మీరొచ్చి లాక్కున్నారా?" అన్నాను. ఆ మాట అంటుండగానే నాకు సిగ్గు వేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొక్కింది నేను. కడుక్కోవాల్సిందీ నేనే.

"రెండు వారాలుంది. నేర్పండి. నేను కుప్పం పోతా" అన్నాను.

మా బడిలో ప్యానెల్ తొమ్మిదో తరగతి గదిలో ఉంది. అది వచ్చాక పిల్లల్ని పక్క గదికి మార్చి, ఆ గదికి తాళం వేసేశారు. వచ్చినప్పుడు చుట్టిన ప్లాస్టిక్ కవరు అట్లాగే ఉంది. ఆయుధపూజ రోజు పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు ఆ కవరు మీద ఎండి ఉన్నాయి. పైన ఒక మూలకు నిమ్మకాయ కట్టి ఉండేది, అది ఎండి నల్లబడి రాయిలాగా అయింది. పూజ చేశామే గాని ఎవరమూ పని చేయించలేదు. అది పగిలితే తన జీతంలో కోస్తారని హెడ్మాస్టరుకు భయం. తాళంచెవి ఆయన జేబులో ఉండేది. ఎంత బతిమాలినా, సాయంత్రం చివరి పీరియడులో మాత్రమే గది తెరుస్తానన్నారు.

"ఆ ఒక్క పీరియడు సాలదు. ముందర వొంటికి నేర్పిస్తా, తర్వాత దాని దగ్గరికి పోదాం" అన్నారు డ్రిల్లు సారు.

అర్థం కాలేదు. మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యాక గ్రౌండులోకి రమ్మన్నారు. పోయి చూస్తే, ఖోఖో కోర్టు గీసే సున్నంతో నేల మీద ఇంత పెద్ద దీర్ఘచతురస్రం గీసి ఉంది. లోపల అక్కడక్కడా గుండ్రాలు. ఒక్కొక్క గుండ్రంలో ఒక బొమ్మ: ఇల్లు, పెన్సిలు, చీపురు, భూగోళం, వెనక్కి తిరిగిన బాణం. ప్యానెల్ తెరంతా నేల మీదికి దింపేశారు.

"లోపలికి రామ్మా. ఇల్లు యాడుండాది?"

నేను పోయి ఇంటి బొమ్మ మీద నిలబడ్డాను.

"పెన్సిలు."

నడిచాను.

"వెనక్కి."

దారి తప్పి చీపురు మీద నిలబడ్డాను. ఆయన విజిల్ వేశారు. "ఔటు. మల్లా ఇంటికాన్నుంచి రా."

ఎనిమిదో తరగతి పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. చీర కుచ్చిళ్లకు సున్నం అంటుకుంది. ఇరవై నిమిషాల్లో ఆయన నన్ను పదిసార్లు ఔటు చేశారు. పదకొండోసారి నాకు మండి, "నేనేమన్నా ఆరో తరగతి పిల్లనా సార్, ఈ నేల మీద గెంతేదానికి. మీరూ మీ విజిలూ" అని వచ్చేశాను. సాయంత్రం వరకూ ఆయనతో మాట్లాడలేదు.

ఇంటికి పోయే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మదనపల్లె దగ్గర టమోటా బండ్లు అడ్డం వచ్చి బస్సు ఆగింది. ఊరికే కళ్లు మూసుకున్నాను. ఇల్లు కింద మధ్యన. పెన్సిలు దానికి ఎడమ. చీపురు పెన్సిలు పక్కనే. భూగోళం పై వరసలో కుడి చివర. వెనక్కి బాణం అడుగున ఎడమ మూల. ఒక్కటీ తప్పలేదు. ఎన్ని వీడియోలు నా ఫోన్లో తిరిగినా రానిది, కాళ్లకు సున్నం అంటితే వచ్చింది. సోమవారం పోయి ఆయనకు ఆ మాట చెప్పాలంటే నాకు నామోషీగా ఉండింది. అయినా చెప్పాను.

"తెల్సమ్మా. వొంటికి వస్తే మర్సిపోము" అన్నారంతే.

తర్వాత చేతులకు నేర్పారు. ఒకటి అంటే చూపుడు వేలితో తాకాలి. రెండు అంటే రెండు వేళ్లు దగ్గర పెట్టి విప్పాలి, బొమ్మ పెద్దదవుతుంది. మూడు అంటే విప్పినవి ముడవాలి. నాలుగు అంటే అరచేత్తో తుడవాలి. గ్రౌండులో గాలిలోనే చేయించారు. వంట ఆయమ్మలు గుడ్లు ఒలుస్తూ నన్ను చూసి నవ్వేవాళ్లు. మూడో రోజుకు వాళ్లలో ఒకామె నాకంటే ముందు చేతులు తిప్పడం మొదలుపెట్టింది. నవ్వే నోళ్లు నవ్వనీ అనుకున్నాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అంటారు, మొండిది అంతకంటే.

నాలుగో రోజు చివరి పీరియడులో హెడ్మాస్టరు తాళం తీశారు. కవరు విప్పేటప్పుడు బొట్లు చెరిగిపోకుండా మడిచి పక్కన పెట్టారు. డ్రిల్లు సారు గది చివర బెంచీ మీద కూర్చున్నారు, దగ్గరికి రానన్నారు. నా ఫోను నుంచి ప్యానెల్‌కు ఇంటర్నెట్ కలిపాను. పాస్‌వర్డు అడిగింది. ఖోఖో అని కొట్టి, సంవత్సరం కొట్టాను. అంతవరకూ ఆ పాస్‌వర్డు నా చేత్తో నేను ఒక్కసారీ కొట్టలేదని అప్పుడు తట్టింది.

"ఒకటి" అన్నారు వెనక నుంచి.

భూగోళం బొమ్మ తాకాను. మ్యాపు వచ్చింది. సోషల్ టీచరుగా నేను గోడకు తగిలించి కర్రతో చూపించిన మ్యాపులు ఎన్నని. అన్నీ చిరిగినవే, మడతల దగ్గర నదులు తెగిపోయినవే.

"రెండు."

రెండు వేళ్లు పెట్టి విప్పాను. దేశం నుంచి రాష్ట్రం, రాష్ట్రం నుంచి రాయలసీమ. మళ్లీ విప్పాను. మదనపల్లె వచ్చింది. పక్కకు జరిపి మళ్లీ విప్పాను. పుంగనూరు రోడ్డు. చెరువు. చింతచెట్ల వరస. ఇంకా విప్పాను. మా బడి. మా బడి రేకుల కప్పు, వంటగది, ముందర మట్టిరంగు గ్రౌండు. గ్రౌండులో తెల్లగీతలు. ఎప్పటివో ఖోఖో కోర్టు గీతలు, ఆకాశం నుంచి తీసిన బొమ్మలో అట్లాగే ఉన్నాయి.

"సార్, ఇవి మీరు గీసినవే" అన్నాను.

ఆయన బెంచీ మీద నుంచి లేచి వచ్చి తెరకు దగ్గరగా నిలబడి చూశారు.  నాకు పట్టలేనంత సంతోషమైంది. ఇరవై ఏడేళ్లుగా పిల్లలకు లోకాన్ని చూపించాను, మా బడిని మాత్రం అందులో ఎప్పుడూ చూపించలేదు.

శిక్షణ రోజు పొద్దున చీకటి ఉండగానే మదనపల్లెలో బస్సెక్కాను. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగితే, ఆ ఊళ్లోనే ఉండే డ్రిల్లు సారు స్వెటరు వేసుకుని నిలబడి ఉన్నారు. కిటికీ దగ్గరకు వచ్చి తన విజిల్ నా చేతిలో పెట్టారు. "పెట్టుకో, పనికొస్తాది" అన్నారు. పలమనేరు, వీకోట దాటి కుప్పం చేరేదాకా ఆ విజిల్ గుప్పిట్లోనే ఉంది.

కుప్పంలో ఒక హైస్కూల్ హాలు. నలభైమంది వచ్చారు. రామకుప్పం నుంచి, శాంతిపురం నుంచి, తమిళ మీడియం బడుల నుంచి. మాటల్లో తెలుగు, తమిళం, కన్నడం కలిసిపోతున్నాయి. వెనక వరసలో కుర్చీ వేసుకుని ఒక ఆఫీసరమ్మ కూర్చున్నారు. శిక్షణ ఎలా జరుగుతోందో చూసి రాయడానికి వచ్చారట. ఒళ్లో నోటుపుస్తకం ఉంది. 

మొదట అందరూ తమ తమ ఫోన్లలో హాజరు వేయాలి. గోడ మీద క్యూఆర్ కోడు అతికించారు. వేయండి అని చెప్పి నేను ప్యానెల్ వైపు తిరిగాను. మళ్లీ ఇటు తిరిగేసరికి ఏముంది? హాలులో అక్కడక్కడా ఫోన్ల కుప్పలు. ఈ వరసలో అందరి ఫోన్లూ ఒకామె ఒళ్లో. ఆ వరసలో అందరివీ ఒకాయన బల్ల మీద. మిగతావాళ్లు చేతులు కట్టుకుని హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. రామకుప్పం నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ముందర ఎనిమిది ఫోన్లున్నాయి. ఆమె ఎడమ నుంచి కుడికి వరసగా చేసుకుంటూ పోతోంది.

మా క్యారమ్ బోర్డు కళ్ల ముందు కనిపించింది. నేను అనుకుని వచ్చిన ఉపన్యాసం ఎగిరిపోయింది. కోపం వచ్చింది. వాళ్ల మీద కాదు, నా మీద. ఏం చేస్తున్నానో తెలియకుండానే విజిల్ నోట్లో పెట్టుకుని ఊదేశాను.

కబుర్లు ఆగి, తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఎవరి ఫోను వాళ్లు తీసుకోండి" అన్నాను. "ముందు నా మాట ఒకటి వినండి. మీ ముందర నిలబడి పాఠం చెప్పడానికి నన్ను ఎందుకు పిలిచారో తెలుసా? డివిజన్లో నాకు ఫస్టు వచ్చిందని. ఆ సర్టిఫికెట్లలో ఒక్కటి కూడా నేను చేసింది కాదు. మీలాగే నేనూ నా ఫోను తీసుకుపోయి ఇంకొకరి ముందర పెట్టి, అన్నం తినడానికి పోయేదాన్ని. రెండు వారాల కిందటి వరకు ఈ ప్యానెల్ స్విచ్ ఎక్కడుందో నాకు తెలియదు. నా ఫోన్లో పాస్‌వర్డు నాకు తెలియదు. నా పేరుతో ఇంకొకరు నేర్చుకున్నారు. నేర్చుకున్న మనిషికి పేరు రాలేదు, పేరొచ్చిన నాకు చదువు రాలేదు."

 ఆఫీసరమ్మ పెన్ను తీసి రాస్తున్నారు. రాయనీ అనుకున్నాను. ఇంక దాచేదేముంది.

ముందు వరసలో ఒక పెద్దాయన, తమిళ మీడియం బడి నుంచి వచ్చినవారు, నెమ్మదిగా లేచారు. పక్క బల్ల మీద కుప్పలోంచి తన ఫోను వెతికి తీసుకున్నారు. "నా యాపూ నేను ఎప్పుడూ తెరవలేదు మేడం. ఇప్పుడెట్ల మరి?" అన్నారు.

"లేచి నిలబడండి. అందరూ" అన్నాను. "చేతులు ముందుకు చాపండి."

నలభైమంది టీచర్లు, అందులో యాభై దాటినవాళ్లే ఎక్కువ, గాలిలోకి చేతులు చాపారు. ఒకటి అన్నాను. నలభై చూపుడు వేళ్లు ముందుకొచ్చాయి. రెండు అన్నాను. విప్పారు. మూడు, ముడిచారు. నాలుగు అనగానే ఒకాయన అరచేత్తో గాలిని తుడవబోయి పక్కాయన ముఖం తుడిచాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వుతో సగం భయం పోయింది. అరగంట అట్లాగే ఆడించాను. తర్వాత ఒక్కొక్కరినీ ప్యానెల్ దగ్గరకు పిలిచి, సొంత ఫోను దానికి కలపమని, మ్యాపులో ఎవరి బడి వాళ్లు వెతికి చూపించమని చెప్పాను.

రామకుప్పం టీచరమ్మ మొదట వచ్చింది. ఎనిమిది ఫోన్లు చేతిలో ఉంటే చకచకా చేసిన మనిషి, తన ఒక్క ఫోనుతో అందరి ముందర నిలబడేసరికి తడబడింది. విప్పుకుంటూ విప్పుకుంటూ అడవి అంచున తన బడి పట్టుకుంది. "అదిగో, మా బడి. ఈ పక్క రాగి చేను. మొన్న ఏనుగులు తొక్కింది దీన్నే" అంది. వెనక నుంచి ఎవరో "ఏనుగులు కనపడతాండాయా మేడం?" అని అడిగారు. "యాడ కనపడతాయప్పా, మేము పోయి సూస్తే కూడా కనపడవు" అంది ఆమె. ఆ తర్వాత వరస ఆగలేదు. అన్నం టైము దాటింది, ఎవరూ కదల్లేదు. పెద్దాయన చివరగా వచ్చారు. తన బడి దొరకడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర చేయలేదు, ఎవరూ ఆయన చేతిలోంచి పని తీసుకోలేదు. దొరికాక చప్పట్లు కొడితే ఆయన ప్యానెల్‌కే దండం పెట్టారు.

సాయంత్రం అందరూ వెళ్లాక ఆఫీసరమ్మ నా దగ్గరకు వచ్చారు. 

"నీ కోర్సులు చేసిందెవరమ్మా?" అన్నారు.

"చెప్పను మేడం. ఫోను ఇచ్చింది నేను. ఏం రాసినా నా పేరు మీద రాయండి."

 ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి తన ఫోను తీసి బల్ల మీద పెట్టారు. "నా పాస్‌వర్డు మా ఆఫీసులో నలుగురికి తెలుసు, నాకొక్కదానికే తెలియదు. మార్చేది ఎట్లనో చూపించు" అన్నారు. నేను చేతిలోకి తీసుకోబోయి ఆగాను. "మీ చేత్తోనే మేడం" అన్నాను. ఆమె నవ్వి, తనే మార్చుకున్నారు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

వెళ్లబోతూ వెనక్కి తిరిగారు. "కోర్సులు చేసిన మనిషి పేరు వద్దులే. నీకీ డ్రిల్లు నేర్పిన మనిషి పేరు చెప్పు. అది మెమోకు కాదు, పిలిపించేదానికి."

ఇద్దరూ ఒకరేనని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకు తెలుసు. చెప్పాను.

ఆ వారంలోనే నా పాస్‌వర్డు మార్చేశాను. సోమవారం అన్నం గంటకు డ్రిల్లు సారు అలవాటుగా చేయి చాస్తే, "నాది నేనే వేసుకున్నా సార్" అన్నాను. ఆయన చేయి వెనక్కి తీసుకుని, నేను చూపించిన ఫోన్లోకి తొంగి చూసి, "అంతా కరెక్టుగా ఏసినావు" అన్నారు. హిందీ టీచరు తర్వాత మానింది. హెడ్మాస్టరు అందరికంటే చివర. ఇప్పుడా బోర్డు మీద పిల్లలు ఆడుతున్నారు, పౌడరు చల్లి మరీ.

నెల తిరగకముందే ఉత్తర్వు వచ్చింది. మదనపల్లెలో శిక్షణ, శిక్షణ ఇచ్చే మనిషి మా డ్రిల్లు సారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో సభ అంటే ఆయనకు పిల్లల్ని వరస నిలబెట్టే పనే అప్పజెప్పారు. మైకు ముందర నిలబెట్టిన వాళ్లు లేరు. ఉత్తర్వు మూడుసార్లు చదువుకుని నా దగ్గరకు వచ్చారు. ముఖం చిన్నబోయి ఉంది.

"నా బదులు నువ్వు పోమ్మా. నలుగురి ముందర మాట్లాడేది నాకు రాదు. పేరు నాది ఉండనీ, పని నువ్వు చెయ్" అన్నారు.

"పేరొకరిది, పని ఒకరిది. ఆ ఆట ఇంక ఆడము సార్" అన్నాను. "పోటీ అంటే గెలవాల్సిందే అన్నారు కదా. పోయి గెలవండి."

ఆ రోజు మదనపల్లె హాలులో నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ప్యానెల్ పక్కన నిలబడ్డారు. మాట రావడం లేదు. మైకును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నారు. హాలులో గుసగుసలు మొదలయ్యాయి. నేను లేచి పోయి, కుప్పం నుంచి నా దగ్గరే ఉండిపోయిన ఆయన విజిల్ ఆయన చేతిలో పెట్టి వచ్చి కూర్చున్నాను.

ఆయన దాన్ని ఒకసారి చూసుకున్నారు. మైకు బల్ల మీద పెట్టేశారు. వెన్ను నిటారుగా చేసి విజిల్ ఊదారు.

హాలంతా లేచి నిలబడింది. నేను కూడా చేతులు ముందుకు చాపాను.